సేవకు ధర కట్టరాదు



సంఘ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనలో చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది ఒకే అంకె. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మము పొందారు. గొప్ప సంగతే, కాదనము. అయితే రోగుల మధ్య పనిచేసే మాకు అంతకంటె విలువైనవిగా కనబడేవి దానికి ముందు గడిచిన పదిహేను నెలలు. ఆ నెలల్లో క్లౌ దొరగారు ఒక్కరికి కూడా బాప్తిస్మము ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో మిషన్ ఆసుపత్రిలో పనిచేసే ప్రతి ఒక్కరూ తెలిసికోవాలని మా అభిప్రాయం.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836లో అమెరికాలో జన్మించారు. యౌవనంలో భూమి సర్వే పని నేర్చుకున్నారు. 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ బాప్టిస్టు సంఘము మొదలైంది. 1910లో కన్నుమూసేనాటికి ఆయన తన జీవితంలో ఎక్కువ భాగం తెలుగువారి కోసమే ఖర్చు చేశారు. ఒంగోలు మనకు దూరమని అనుకోవద్దు. ఆయన సేవ చేసిన కంభం, మార్కాపురం ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు మన కర్నూలు జిల్లాలోనివే.

1876లో వానలు తప్పాయి. 1878 వరకు సాగిన ఆ కరువులో మన జిల్లా ఎంత నష్టపోయిందో జనాభా లెక్కలే చెబుతాయి. 1871లో 9 లక్షలు దాటిన జనాభా 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయింది. ఆకలితో పాటు కలరా, జ్వరాలు వచ్చాయి. కరువు పనుల్లో కూలికి వచ్చినవారికి 1877 ఆరంభంలో ప్రభుత్వం రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలోకు తక్కువ, పైన కొద్దిపాటి చిల్లర చాలునన్నది. మట్టి మోసే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గారు గట్టిగా ఎదురు చెప్పారు. ఆకలిగొన్న శరీరం ఎంత త్వరగా రోగానికి లొంగిపోతుందో నర్సులైన మాకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ సమయంలో క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కంట్రాక్టుకు తీసుకున్నారు. తాను నేర్చిన సర్వే పని అక్కడ ఉపయోగపడింది. ఊరకే గంజి పోయడం కంటె పని చూపించి కూలి ఇవ్వడం మేలని ఆయన తలంచారు. సంఘ బోధకులనే పైవిచారణకు పెట్టారు. మాల, మాదిగ పల్లెల నుండి పేదలు గుంపులుగా వచ్చారు. అక్కడ తమను మనుషులుగా చూస్తున్నారనే మాట పల్లెలకు పాకింది. విశ్రాంతి వేళల్లో బోధకులు కూలీల ప్రక్కన కూర్చుండి మాట్లాడేవారు.

అలా పనిచేసిన వారిలో చాలామంది సంఘములో చేరుతామని అడిగారు. క్లౌ గారు వద్దన్నారు. కూలి తన చేతిలో ఉన్నంతకాలం వారి మాట స్వేచ్ఛగా పలికిన మాట అవునో కాదో తనకే తెలియదు గదా! కరువు తీరి, కాలువ పని ముగిసి, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా వారు వచ్చారు. అప్పుడే ఆయన ఒప్పుకున్నారు. తిండి కోసం మతం మారారన్న నింద ఆ తరువాత కూడా పోలేదు. కాని ఆయన మాత్రం రొట్టెను వలగా వేయలేదు.

ఇక మన సంగతి. కొన్నేళ్ల క్రితం మేము పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒక తల్లి విరేచనాలతో ఉన్న బిడ్డను ఎత్తుకొని గేటు బయట చాలాసేపు కూర్చున్నది. లోపల వరండాలో ఉదయ ప్రార్థన జరుగుతూ ఉంది. అందులో కూర్చుంటేనే చూస్తారని ఎవరో ఆమెకు చెప్పారట. మేము వెళ్లి పిలిస్తే, “మేం మీ దేవుని వాళ్లం గాము సిస్టరమ్మా, మా పిల్లోన్ని సూచ్చారా?” అని అడిగింది. అప్పటికే బిడ్డ కళ్లు లోతుకు పోయాయి, నాలుక ఎండిపోయింది. సెలైన్ పెట్టాము, తరువాత గంట గంటకు ఓఆర్ఎస్ పట్టాము. దేవుని దయవలన బిడ్డ బ్రతికాడు. అయినా ఆ ప్రశ్న మమ్మల్ని ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. అటువంటి నియమం మేము పెట్టలేదు. కాని లేదని ఆమెకు తెలిసేటట్లు కూడా మేము చేయలేదు.

అయితే ప్రార్థన మానాలా అని కొందరు అడగవచ్చు. మానవద్దు. రోగి అడిగితే చేయి పట్టుకొని ప్రార్థించండి. అడగకపోతే అదే చేతితో నాడి చూడండి. గేటు దగ్గర పడిగాపులు కాస్తున్న రోగి ముందు, ప్రార్థన తరువాత. ఓపీ చీటీ వ్రాసే బల్ల నుండి వార్డు ఆయా వరకు ప్రతి ఒక్కరూ ఈ మాట రోగితో వచ్చినవారికి మొదటే చెప్పాలి: ఇక్కడ వైద్యానికి ఏ మతమైనా, ఏ కులమైనా ఒకటే. మంచి సమరయుడు దెబ్బలు తిన్న మనిషిని ఎత్తుకునే ముందు అతనిది ఏ ఊరని అడగలేదు.

రిపోర్టులు వ్రాసేటప్పుడు మనకు పెద్ద అంకెలంటే ఇష్టం. 2,222 అనే అంకె మన గోడల మీద ఉండనివ్వండి. దాని ప్రక్కన ఆ పదిహేను నెలల సున్నను కూడా వ్రాసుకుందాము. ఆ సున్న లేకపోతే ఈ అంకెకు విలువ లేదు.