ఉమ్మడి నీళ్ళు

ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందని మన సామెత. అమెరికా, కెనడాల నడుమనున్న ఈరీ సరస్సుకు 1960ల్లో అదే గతి పట్టింది. ఊళ్ళ మురుగూ, సబ్బుపొడిలోని భాస్వరమూ వచ్చిపడి నాచు దట్టంగా పెరిగింది. అది కుళ్ళి, అడుగునీళ్ళలో ప్రాణవాయువు కరువైంది. ఈరీ చచ్చిపోయిందని పత్రికలు రాసేశాయి.

ఒకరి కాలుష్యం రెండోవారికి హాని చేయరాదని 1909 ఒప్పందంలోనే రాసుకున్నారు. రాసుకుంటే ఏం లాభం? ఎవరెంత తగ్గించాలో అందులో లేదు. 1972లో నిక్సన్, ట్రూడో ఆటవాలో సంతకాలు చేశాకనే లెక్కలు మొదలయ్యాయి. 1978లో ఈరీలోకి ఏడాదికి 11,000 టన్నులకు మించి భాస్వరం రాకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. మురుగుశుద్ధి కేంద్రాలు కట్టారు, సబ్బుపొడిలో భాస్వరానికి కోత పెట్టారు. సరస్సు తేరుకుంది.

ఇక్కడితో ఆపితే చక్కని కథే! కాని 2014 ఆగస్టులో టొలీడో నగర ప్రాంతంలో నాలుగు లక్షలమందికి పైగా జనాన్ని కుళాయినీళ్ళు తాగొద్దన్నారు. కాచినా లాభం లేదన్నారు. నీళ్ళలో నాచు విషం. ఈసారి భాస్వరం వచ్చింది ఎక్కువగా మొక్కజొన్న, సోయా చేల ఎరువుల్లోంచి, పశువుల పేడలోంచి.

2016లో 40 శాతం తగ్గించాలని రెండు ప్రభుత్వాలూ అనుకున్నాయి. మునిసిపాలిటీలను చట్టంతో వంచినవాళ్ళే పొలం గట్టు దగ్గరకొచ్చేసరికి చాలావరకు "మీ ఇష్టం" అన్నారు. ఓట్లు మరి! ఉమ్మడి కమిషన్‌లో చెరి ముగ్గురు సభ్యులు, పెద్దదేశం చిన్నదేశం తేడా లేదు. బాగుంది. అయితే కాలుష్యం విషయంలో అది సలహా ఇవ్వగలదే గాని శాసించలేదు.

ముందు పెద్ద పశువుల కొట్టాలకైనా గట్టి చట్టం పెట్టమనండి. చిన్నరైతుకు పడే ఖర్చు ఖజానా భరించాలి.