గుల్లబారిన ఎముకలు, ఖరీదైన సూదిమందులు

స్త్రీల ఆరోగ్యం గురించి పనిచేస్తున్న మనకి ఇంజెక్షన్ అనేది మామూలు మాట కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి పేద స్త్రీలను పోగుచేసినప్పుడు, జరుగుతున్నది ప్రయోగమన్న సంగతి గానీ, దానివల్ల రాగల ఇబ్బందులు గానీ వాళ్ళకి సరిగా చెప్పలేదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ తదితరులు 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఈ మందు ఒంట్లో ఏం చేస్తుంది? తేడా వస్తే చూసేదెవరు? వద్దు అనే అవకాశం ఆమెకి నిజంగా ఉందా? ఆనాడు అడిగిన ఈ ప్రశ్నలే ఇవాళ మరో రకం ఇంజెక్షన్ల విషయంలో అడగాల్సి వస్తోంది. ఈసారి సూది పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీకి కాదు, ముట్లుడిగిన స్త్రీకి. ఎముకలు గుల్లబారాయని, నడుము వంగిపోతుందని, తుంటి విరుగుతుందని భయపడుతున్న స్త్రీకి.

ఆ భయం ఉత్తిది కాదు. తుంటి విరిగిన ముసలామె మంచం మీద పడితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఆమెకి చాకిరీ చేసేది మళ్ళీ ఒక కోడలో, కూతురో. వెన్నుపూసలు నొక్కుకుపోయి నాలుగంగుళాలు పొట్టి అయిపోయిన స్త్రీలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళ నొప్పిని ఇన్నాళ్ళూ వయసు ఖాతాలో రాసేశాం. అంచేత ఈ జబ్బుకి మందులు రావటాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఇప్పటికే ఎముక విరిగిన స్త్రీకి, మళ్ళీ విరిగే ప్రమాదం బాగా ఉన్న స్త్రీకి ఇవి మేలు చేస్తాయని పెద్ద పెద్ద పరిశోధనలే చూపించాయి. మా పేచీ ఆ మేలుని ఎలా చెబుతున్నారు, ఎవరికి అంటగడుతున్నారు, దేన్ని చెప్పకుండా దాస్తున్నారు అన్న దాని మీద.

ఏడాదికొకసారి రక్తనాళంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం సంగతి చూద్దాం. 2007లో వెలువడిన పరిశోధనలో ఏడువేల ఏడువందల మందికి పైగా స్త్రీలను మూడేళ్ళపాటు గమనించారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో నూటికి 10.9 మందికి వెన్నుపూస విరిగితే, అసలు మందు తీసుకున్నవాళ్ళలో 3.3 మందికి విరిగింది. ఇది చిన్న మేలు కాదు. తుంటి విరగటం మాత్రం 2.5 నుంచి 1.4కి తగ్గింది. దీన్నే ప్రచారంలో 'తుంటి విరిగే ప్రమాదం 41 శాతం తక్కువ' అంటారు. రెండూ నిజమే. కానీ నూరుమంది మూడేళ్ళు మందు వాడితే సుమారు ఒక్కరికి తుంటి విరగకుండా ఆగింది అని చెబితే, వినే స్త్రీ వేరే విధంగా ఆలోచిస్తుంది. పైగా ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 73. ఆ లెక్కల్ని తెచ్చి 52 ఏళ్ళ స్త్రీ ముందు పెట్టడం న్యాయమా?

52 ఏళ్ళ స్త్రీ ఈ వలలోకి ఎలా వస్తోంది? సాధారణంగా ఒక ఉచిత శిబిరం ద్వారా. మహిళా దినోత్సవానికో, అపార్టుమెంటు సంఘం వార్షికోత్సవానికో మడమ మీద చిన్న యంత్రం పెట్టి ఒక అంకె చెబుతారు. మడమ యంత్రం వేరు, తుంటినీ వెన్నునీ చూసే డెక్సా పరీక్ష వేరు. అసలు డెక్సా అంకెకి కూడా ఒక చరిత్ర ఉంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలో -2.5 కంటే తక్కువైతే జబ్బు అని గీత గీశారు. అందులో పోలిక యవ్వనంలో ఉన్న తెల్లజాతి స్త్రీ ఎముకతో. పొట్టిగా, సన్నగా ఉండే మన స్త్రీల చిన్న ఎముకని ఆ యంత్రం ఉన్నదానికంటే పలచగా చూపించే అవకాశం ఉంది. గీతకి పైన -1 వరకూ ఉన్నవాళ్ళకి ఇంకో పేరు పెట్టారు. అది జబ్బు కాదు, పరిశోధకులు లెక్క కోసం పెట్టుకున్న గడి. ఆ గడిలో ఉన్న కోట్లాది ఆరోగ్యవంతులైన స్త్రీలు క్రమంగా మందుల కంపెనీలకి ఖాతాదారులైపోయారు.

సాంద్రత పెరిగినంత మాత్రాన ఎముక గట్టిపడినట్టు కాదని నల్గొండ వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగిన మనుషుల ఎముకలు ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనిపిస్తాయి, మనిషి మాత్రం వంగిపోయి ఉంటాడు. అయినా ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బుకి ఫ్లోరైడునే మందుగా ఇచ్చారు! 1990లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగటం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగటం ఎక్కువైంది. ఆ తర్వాత హార్మోన్ల వంతు. ముట్లుడిగిన ప్రతి స్త్రీకీ గుండెకీ ఎముకకీ మంచిదంటూ రాసిన ఆ మాత్రలు రొమ్ము క్యాన్సర్‌నీ, పక్షవాతాన్నీ పెంచుతున్నాయని 2002లో ఒక పెద్ద పరిశోధనని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. స్త్రీలు కొత్త మందుని అనుమానంగా చూస్తే అది అజ్ఞానం కాదు, అనుభవం.

ఇక దుష్ఫలితాలు. జోలెడ్రోనిక్ ఆమ్లం మొదటిసారి ఎక్కించాక రెండుమూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావటం చాలా మామూలు. ఆ సంగతి ముందే చెబితే సగం భయం తగ్గుతుంది, చెప్పరు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఇది ఇవ్వకూడదు. ఆరునెలలకొకసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ మూత్రపిండాలు బాగా పాడైనవాళ్ళలో, ముఖ్యంగా డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళలో, రక్తంలో కాల్షియాన్ని ప్రాణాపాయమయ్యేంతగా పడగొట్టవచ్చని 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు ఉన్న మన రాష్ట్రంలో క్రియాటినిన్, కాల్షియం చూడకుండా ఈ ఇంజెక్షన్ ఇవ్వటమంటే ఏమిటో ఆలోచించండి. రోమోసోజుమాబ్ అనే మరో మందు మీద 2019లో అనుమతి ఇచ్చేటప్పుడే గుండెపోటు, పక్షవాతం గురించి హెచ్చరిక పెట్టారు. దవడ ఎముక కుళ్ళటం, తొడ ఎముక చిన్న దెబ్బకే అడ్డంగా విరగటం అరుదు. క్యాన్సర్ రోగులకిచ్చే పెద్ద మోతాదుల్లో దవడ సమస్య ఎక్కువ, ఇక్కడ తక్కువ. అరుదని చెప్పవచ్చు, చెప్పకుండా ఉండకూడదు. పుచ్చిన పళ్ళు ముందే పీకించుకోమని, తొడలో కొత్తగా నొప్పి వస్తే వెంటనే రమ్మని ఒక్క ముక్క చెప్పడానికి డబ్బు ఖర్చు కాదు కదా.

అన్నిటికంటే మమ్మల్ని కలవరపెడుతున్నది వేరే ఉంది. డెనోసుమాబ్ ఎముకని కరిగించే కణాలు తయారు కాకుండా ఆపుతుంది. అయితే అది ఎముకలో నిలవ ఉండదు. ఆరునెలలు దాటి మందు ప్రభావం తగ్గగానే, అంతకాలం అణిగి ఉన్న కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. పెరిగిన సాంద్రత ఒకటి రెండేళ్ళలో కరిగిపోతుంది. కొందరిలో ఒకటి కాదు, వరసగా రెండు మూడు వెన్నుపూసలు విరుగుతాయి. అందుకే దీన్ని ఆపాలంటే వెంటనే అలెండ్రోనేట్ మాత్రలో, జోలెడ్రోనిక్ ఆమ్లమో మొదలుపెట్టాలి. 2020 లాక్‌డౌన్‌లో ఈ ఇంజెక్షన్ ఆలస్యం చేయవద్దని ప్రపంచవ్యాప్తంగా వైద్య సంఘాలు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. మరి ఇదంతా మన స్త్రీల జీవితాల్లో పెట్టి చూడండి. కొడుకు ఉద్యోగం చేస్తున్నప్పుడు రెండుసార్లు ఇంజెక్షన్ పడింది. తర్వాత ఉద్యోగం పోయింది, లేదా మనవరాలి ఫీజు కట్టాల్సి వచ్చింది. ఆమే చెబుతుంది, 'నాకిప్పుడు బాగానే ఉందిలే నాయనా' అని. ఇంట్లో అందరికంటే ముందు ఆగిపోయేది ఆమె మందే. ఆగిపోతే అసలు తీసుకోని దానికంటే నష్టపోవచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మధ్యలో ఆపితే ప్రమాదం ఉన్న మందుని, మధ్యలో ఆపక తప్పని వాళ్ళకి, ఆ మాట చెప్పకుండా మొదలుపెట్టడాన్ని వైద్యం అనలేం.

ఖర్చు అంటే కంపెనీ ముద్రించిన ధర ఒక్కటే కాదు. టెరిపారటైడ్ రోజూ పొడుచుకోవాల్సిన మందు. పెన్ను 28 రోజులకి వస్తుంది, రెండేళ్ళ చికిత్సకి 26 పెన్నులు, ఒక్కొక్కటీ వేలల్లో. అది ఫ్రిజ్‌లో ఉండాలి. ఫ్రిజ్ లేని ఇల్లు, కరెంటు లేని మధ్యాహ్నం ఎవరి లెక్కలో ఉన్నాయి? ఆ రెండేళ్ళూ అయ్యాక వేరే మందు మొదలుపెట్టకపోతే కూడబెట్టిందంతా జారిపోతుంది. దీనికి రక్తపరీక్షలు, డెక్సా, పట్నానికి బస్సు, తోడు వచ్చినవాళ్ళ ఒకరోజు కూలీ కలపండి. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 ఇస్తున్నారు. అందులో కేంద్రం వాటా 79 ఏళ్ళ వరకూ నెలకి 200 రూపాయల దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఆరోగ్యశ్రీ గానీ, 2024లో 70 దాటినవాళ్ళందరికీ వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ గానీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్ళ కోసం. తుంటి విరిగాక ఆపరేషన్‌కి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, విరగకుండా ఆపడానికి ఇవ్వదు. ఇంటి పెద్దాయన గుండెకి స్టెంటు వెయ్యాలంటే బంగారం కుదువకి పోతుంది. ఆ బంగారం ఆమెదే. ఆమె నడుముకి మాత్రం పెట్టేది ఉప్పు కాపడం.

వారానికొక మాత్రగా దొరికే అలెండ్రోనేట్ వీటన్నిటికంటే చాలా చవక. పరగడుపున గ్లాసుడు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. పొట్టకి పడనివాళ్ళు కొందరుంటారు, వాళ్ళ సంగతి వేరు. చాలామందికి ఇది సరిపోయే చోట నేరుగా ఖరీదైన సూది దగ్గరకి తీసుకుపోతున్నారంటే, ఎందుకని అడిగే హక్కు మనకుంది.

ఇంతకీ ఈ ఎముకలు ఎందుకు గుల్లబారాయి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకి చెందిన వీణా శత్రుఘ్న బృందం ఇక్కడి పేద స్త్రీలు 289 మందిని పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనం దీనికి సూటిగా జవాబు చెబుతుంది. ముప్ఫై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఉన్న వాళ్ళలో సుమారు 29 శాతానికి తుంటి దగ్గర ఎముక గుల్లబారి ఉంది. వాళ్ళు తినే తిండిలో రోజుకి అందుతున్న కాల్షియం దాదాపు 270 మిల్లీగ్రాములు. కావలసింది 1,000 అని 2020 నాటి సిఫార్సు. కిలో రెండు రూపాయల బియ్యం 1983 నుంచి ఎంతోమంది ఆకలి తీర్చింది, దాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ నూరు గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. పాలు కేంద్రానికి పోతాయి, గుడ్డు మగపిల్లాడికి పోతుంది. ఎముక కట్టుకునే వయసంతా అలా గడిచిపోయాక యాభై ఏళ్ళకి సూది పట్టుకుని ఎదురొస్తున్నారు.

దీనికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆ రోజే ఉడుగుతాయి, ఎముక ఆ రోజు నుంచే కరగటం మొదలవుతుంది. తెల్లబట్ట అని వెళ్ళిన ముప్ఫై ఏళ్ళ స్త్రీకి క్యాన్సర్ భయం చూపి గర్భసంచి తీసిన ప్రైవేటు వైద్యమే, ఇరవై ఏళ్ళ తర్వాత అదే స్త్రీకి ఎముకల భయం చూపి ఇంజెక్షన్ రాస్తోంది. రెండుసార్లూ బిల్లు కట్టింది ఆమే. అనవసరపు ఆపరేషన్లపై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, మార్గదర్శకాలు అమలు చెయ్యమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. అమలవుతోందా అని అడగాల్సింది మనమే. 2017 నుంచి 'అంతర' పేరుతో ప్రభుత్వమే ఇస్తున్న డెపో గర్భనిరోధక ఇంజెక్షన్, వాడినంతకాలం ఎముక సాంద్రతని తగ్గిస్తుందని 2004లోనే అమెరికాలో హెచ్చరిక వచ్చింది. ఆపాక చాలావరకు తిరిగి వస్తుందంటారు. కడుపునిండా తిండి ఉన్న స్త్రీకి వచ్చినంతగా 270 మిల్లీగ్రాముల స్త్రీకి వస్తుందా?

కాబట్టి మనం కోరేవి పెద్ద కోరికలేమీ కావు. ఇంజెక్షన్ రాసే ముందు తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. ఎన్నేళ్ళు వాడాలి, మొత్తం ఎంతవుతుంది, ఎప్పుడు ఎలా ఆపాలి, ఆపాక ఏ మందు అన్నది అందులో ఉండాలి. జిల్లా ఆస్పత్రిలో డెక్సా ఉండాలి, ఎముక విరిగిన ప్రతి స్త్రీకీ కనీసం అలెండ్రోనేటూ కాల్షియమూ డి విటమినూ ఉచితంగా దొరకాలి. చౌకడిపోలో రాగులు ఇవ్వాలి. శిబిరం పెట్టినవాళ్ళు దాని వెనక ఏ కంపెనీ ఉందో బోర్డు మీద రాయాలి.

ఇప్పటికే ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్ళు ఇది చదివి భయపడి ఆపేయవద్దు. డెనోసుమాబ్ అయితే మరీను. తేదీ దాటకముందే డాక్టరు దగ్గరకి వెళ్ళి పై ప్రశ్నలు అడగండి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఏ ఇబ్బంది వచ్చినా ప్రభుత్వ ఔషధ భద్రతా విభాగానికి 1800-180-3024 నంబరులో రోగులే నేరుగా ఫిర్యాదు చెయ్యవచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు. వచ్చే సంచికలో ఈ చికిత్స ఖర్చుల మీద ఒక వివరమైన వ్యాసం వేద్దామనుకుంటున్నాం. మీ బిల్లులు, మందుల చీటీలు, ఏ నెలలో ఎందుకు ఆపాల్సి వచ్చిందో రాసి పంపండి. పేర్లు వెయ్యం.