కోటా ఇచ్చారు, లెక్కా చెప్పించాలి

ముడిచమురు శుద్ధిలో చివరికి మిగిలే బరువైన మడ్డిని కోకర్ యూనిట్‌లో మరిగిస్తే ముడి పెట్‌కోక్ వస్తుంది. దాన్ని తిరిగే పొడవాటి బట్టీలో 1,200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కాలిస్తే తేమ, ఆవిరయ్యే పదార్థాలు పోయి కాల్సిన్డ్ పెట్‌కోక్ అవుతుంది. మొదటిది చవక ఇంధనంగానూ మండుతుంది. రెండోది పరిశ్రమకు ముడిసరుకు. టన్ను అల్యూమినియం తీయాలంటే దాదాపు 400 కిలోల కార్బన్ ఆనోడ్ ఖర్చవుతుంది. కోల్‌టార్ పిచ్ కలిపి అచ్చుపోసే ఆ ఆనోడ్లలో సింహభాగం ఈ కోకే. ఉక్కులో కార్బన్ పెంచడానికీ, టైటానియం డయాక్సైడ్ తయారీకీ ఇదే కావాలి.

కస్టమ్స్ వర్గీకరణ ఈ తేడాను గుర్తించింది: కాల్చనిది 2713.11, కాల్చినది 2713.12. కానీ కోడ్ సరుకేమిటో చెబుతుందే తప్ప, రేవు దాటాక అది ఎవరి పొయ్యికి చేరిందో చెప్పదు. గంధకం దండిగా ఉన్న ముడి కోక్ బాయిలర్లలో మండితే సల్ఫర్ డయాక్సైడ్ జనం ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే 2017లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్, హరియాణా, రాజస్థాన్‌లలో పెట్‌కోక్ వాడకాన్ని నిషేధించింది. ఇంధనంగా దిగుమతికి 2018లో అడ్డుకట్ట పడింది. అదే ఏడాది అక్టోబరులో కాల్సినేషన్ పరిశ్రమకు 14 లక్షల టన్నుల ముడి కోక్, అల్యూమినియం పరిశ్రమకు 5 లక్షల టన్నుల కాల్చిన కోక్ దిగుమతికి న్యాయస్థానం అనుమతించింది.

ఆ వెసులుబాటు సబబే. అయితే అది షరతులతో దక్కిన మినహాయింపు, హక్కు కాదు. ఎవరికెంత కోటా దక్కిందో ప్రకటిస్తే సరిపోదు. వచ్చిన ముడి కోక్ ఎంత, అందులో గంధకం ఎంత, బట్టీ నుంచి బయటికొచ్చిన కాల్చిన కోక్ ఎంత, అది ఎవరికి అమ్ముడైంది అన్న లెక్కలన్నీ ఏటా బహిరంగపరచాలి. కాల్చేటప్పుడు ఎంత తరుగు పోతుందో పరిశ్రమకు తెలుసు. తూకాలకు పొంతన కుదరకపోతే సరుకు దారి మళ్లినట్టే అనుమానించి విచారించాలి. మళ్లించినట్టు తేలితే కోటా రద్దు చేయాలి.

బట్టీల పొగనూ వదలకూడదు. కాల్చేటప్పుడు గంధకంలో కొంత పొగగొట్టం దారి పడుతుంది. విశాఖ రేవు పరిసరాల్లో, అచ్యుతాపురం సెజ్‌లో ఈ పరిశ్రమ ఉంది కాబట్టి ఇది తెలుగువారి ఇంటి సమస్య కూడా. పొగ నుంచి గంధకాన్ని వేరుచేసే యంత్రాలు ప్రతి కాల్సినర్‌కూ తప్పనిసరి కావాలి. కొలతలు ఎప్పటికప్పుడు స్థానికులకు కనిపించాలి. ఖర్చు పెరుగుతుందన్న వాదన చెల్లదు. ఆ ఖర్చు కంపెనీ పద్దులో పడకపోతే చుట్టుపక్కల ఊళ్ల ఆస్పత్రి బిల్లుల్లో పడుతుంది. లెక్క చూపని సంస్థకు వచ్చే ఏడాది ఒక్క టన్ను కూడా కేటాయించకూడదు.