అడిగిన పుటకే చేర్చవలెను

2011లో ప్రభుత్వ సేవల నందించు మీసేవ ఆరంభమైన నాటినుండి, తెలంగాణ భూరికార్డుల సైట్లగు ధరణి 2020 అక్టోబరు 29నను, భూభారతి 2025 ఏప్రిల్ 14నను వచ్చువఱకు, పౌరుడు ప్రభుత్వముతో నెరపు వ్యవహారము కచేరీ గడపనుండి కంప్యూటరు తెరకు క్రమముగా తరలినది. హైదరాబాదు-నాగార్జునసాగర్ రహదారి నంటియున్న మన్నెగూడ వంటి చోట, పొలములు ప్లాట్లుగా మారుచుండగా, భూమి వివరములు చూచుకొనవలసిన అక్కఱ ఇంటింటికిని కలదు. కనుకనే ఈ సైట్లు పాటింపవలసిన ఒక మర్యాదను గట్టిగా కోరుచున్నాను.

ఫోనుకు వచ్చిన లింకు నొత్తి తన దరఖాస్తు పుట తెఱువబోయిన రైతును లాగిన్ కమ్మని నిలుపుట న్యాయమే. కాని ఓటీపీ సరిగా ఇచ్చిన పిదప అతనిని ముఖపుటలో విడిచి, కోరిన పుటను మరల వెదకుకొమ్మనుట అన్యాయము. అలవాటైన యువకునికి అది అరనిమిషపు విసుగు. వృద్ధునకు ఇంటర్నెట్ సెంటరువానికి రుసుము చెల్లింపవలసిన అగత్యము.

ఇది అసాధ్యమైన కోరికయు కాదు. వెబ్ ప్రోటోకాల్ తనంత తాను ముందటి అభ్యర్థనను గుర్తుంచుకొనదు. ఆ లోపమును తీర్చుటకే 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లీ కుకీని కల్పించెను. లాగిన్ పుటకు పంపకముందే కోరిన చిరునామాను ఆ కుకీ ఆధారముగా నడచు సెషన్‌లో భద్రపఱచి, ప్రవేశము లభింపగానే అచ్చటికే చేర్చుట నేడు సామాన్యవిద్య.

అయితే ఇందులో ఒక అపాయము కలదు. ఆ చిరునామా స్థానమున మోసగాడు తన సైటును జొప్పించెనేని, నిజమైన సైటులోనే లాగిన్ అయిన మనుష్యుడు నమ్మకముతో నకిలీ పుటకు పోయి సర్వస్వము వెల్లడించును. కావున సైటు తన లోపలి చిరునామాలను మాత్రమే అంగీకరింపవలెను. ఆ పుటను చూచు అధికారము లాగిన్ అయినవానికి కలదో లేదో మరల పరీక్షింపవలెను. అపాయమునకు వెఱచి సౌకర్యమునే త్యజించుట మాత్రము వివేకము కాదు.

దీనికి తోడైన రెండవ నియమము కూడ కలదు. దీర్ఘమైన ఫారము నింపుచుండగా సెషన్ ముగిసినచో, మరల లాగిన్ అయిన పిదప వ్రాసినదేదియు పోకుండ పని కొనసాగవలెనని వెబ్ అందఱికిని అందుబాటులో నుండుటకై ఏర్పఱచిన 2008 నాటి డబ్ల్యు.సి.ఏ.జి. 2.0 ప్రమాణములు తమ అత్యున్నత శ్రేణిలో చెప్పియే యున్నవి.

ప్రభుత్వ సైట్లను చేయించు అధికారులకు నా విన్నపమొక్కటే: ఈ రెండు నియమములను టెండరు షరతులలో చేర్చుడు; సైటును స్వీకరించుటకు ముందు ఒక లోపలి పుటను లాగిన్ లేకుండ తెఱచి, లాగిన్ అయి, ఎచ్చట తేలుదురో స్వయముగా చూడుడు. అడిగిన పుట రానిచో ఆ సైటును స్వీకరింపకుడు.