లేచాడన్నారు సరే, లెక్కలేవి?

శ్రమకాలం నలభై రోజులూ మన సంఘాలకు ఊపిరి సలపదు. భస్మ బుధవారం మొదలు ఇంటింటా కూడికలు, ఉపవాసాలు, మట్టల ఆదివారం ఊరేగింపు. శుభ శుక్రవారం మిట్టమధ్యాహ్నం మూడు గంటలపాటు సిలువ మీది ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు. ఆ మూడు గంటల్లో కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ. ఆదివారం తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లి, కొత్తగా సున్నం కొట్టించిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, క్రీస్తు లేచాడని ఒకరికొకరం చెప్పుకుంటాం. పదకొండింటికి ఆరాధన అయిపోతుంది. రెండింటికి బిర్యానీ అయిపోతుంది. దాంతో పునరుత్థానమూ అయిపోతుంది.

సంఘం పాత క్యాలెండరు ప్రకారం అసలు పండుగ అప్పుడే మొదలు. ఈస్టర్ నుంచి పెంతెకొస్తు వరకు యాభై రోజులు. ఏడవడానికి నలభై, లేచినవాడితో నడవడానికి యాభై! మనం నలభైని పట్టుకుని యాభైని గాలికొదిలేశాం. ఆ యాభై రోజుల్లో మనకున్నవి పిల్లలకు వెకేషన్ బైబిల్ స్కూలు, పెద్దలకు పెళ్లిళ్లు.

ఎందుకిలా అంటే నాకు కనిపించే కారణం ఒక్కటే. సిలువ దగ్గర మనల్నెవరూ లెక్కలు అడగరు, కన్నీళ్లు పెట్టుకుంటే చాలు. లేచినవాడు మాత్రం సోమవారం పొద్దున్నే వచ్చి ఇంటి లెక్క, సంఘం లెక్క, కులం లెక్క అడుగుతాడు. కన్నీళ్లకు మన దగ్గర కొదవలేదు. లెక్కలు తీయమంటేనే కమిటీలో కుర్చీలు లేస్తాయి.

అపొస్తలుల కార్యాలు నాలుగో అధ్యాయం తీయండి. ప్రభువు లేచాడని అపొస్తలులు గొప్ప బలంతో సాక్ష్యం చెప్పారన్నది 33వ వచనం. మన మైకుల్లో ఆ వచనం మారుమోగుతుంది. వాళ్లలో కొదువ ఉన్నవాడు ఒక్కడూ లేడని, పొలాలూ ఇళ్లూ ఉన్నవాళ్లు అమ్మి తెచ్చిన సొమ్ము అవసరాన్నిబట్టి పంచారని 34, 35 వచనాలు. అక్కడికొచ్చేసరికి మైకు ఎందుకో ఖరాబవుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయమంతా పునరుత్థానమే. మన భూస్థాపన ఆరాధనల్లో అది చదవనిదే మట్టి వేయం. పదహారో అధ్యాయం మొదటి మాటే చందా. యెరూషలేములో ఇబ్బందిపడుతున్నవాళ్ల కోసం ప్రతి ఆదివారం కొంత పక్కన పెట్టమన్నాడు పౌలు. మరణమా, నీ ముల్లెక్కడ అని అడిగినవాడు ఊపిరి తిప్పుకోకుండా డబ్బాలో ఎంత వేశారని అడిగాడు. మన కానుకల డబ్బా ఎటు పోతోందో చూడండి: కొత్త సౌండ్ సిస్టం, ఎల్ఈడీ తెర, ప్రహరీ గోడ. సంఘంలో ఉన్న విధవరాలికి మందుల ఖర్చు మాత్రం ప్రార్థన అంశం!

వెంటనే ఒక అయ్యగారు లేచి అంటారు: ‘విశ్వాసం ఆత్మకు సంబంధించింది బ్రదర్, ఈ లోక విషయాలు మనకెందుకు?’ అయ్యగారూ, లేచింది ఆత్మ ఒక్కటే అయితే సమాధి ఖాళీ కావలసిన పనేముంది? లూకా రాసింది చూడండి. శిష్యులు భూతమనుకుని హడలిపోతే, తినడానికేమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క వాళ్ల కళ్లముందే తిన్నాడు. తోమాకు గాయాలు చూపించాడని యోహాను రాశాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరితో మైళ్లకొద్దీ నడిచి లేఖనాలన్నీ విప్పి చెప్పినా ఆయనెవరో వాళ్లు పోల్చుకోలేదు. రొట్టె విరిచినప్పుడు పోల్చుకున్నారు. దేవుడు లేపింది ఒక దేహాన్ని. ఆకలి తెలిసిన దేహాన్ని, పోలీసులు కొట్టిన దేహాన్ని. దేహాల సంగతి మనకెందుకు అనేవాడు ఈస్టర్ నాడు తెల్లబట్టలు కట్టుకుని రావడం దండగ.

ఈ సంగతి మన నేలకు ఒకప్పుడు తెలుసు. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. పని చేయించి కూలి ఇచ్చాడు, ముష్టి వేయలేదు. కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. సాయం ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనల్ని బియ్యం బస్తా క్రైస్తవులని వెక్కిరించేవాళ్లకు ఈ తేదీ వినిపించండి. ఆ తర్వాత మనమూ వినాలి. ఐదు కిలోల బియ్యం ఇచ్చి, పుచ్చుకున్న ముసలమ్మను బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటో తీసే సంఘం క్లౌ పేరెత్తడానికి సిగ్గుపడాలి.

ఇక కులం లెక్క. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇంకా గడప బయటే. క్రైస్తవంలో కులం లేదు గదా అన్నది వాదన. అది అబద్ధమని తేల్చడానికి సుప్రీంకోర్టు లాయర్లు అక్కర్లేదు, మన పెళ్లి సంబంధాల ప్రకటనలు చాలు. రక్షణ పొందిన వరుడు కావలెను, కులం ఫలానా! డినామినేషన్ పేరు చెబితే మాలలో మాదిగలో చెప్పేయగల ఊళ్లు కృష్ణకు దిగువన ఎన్నో. కమ్మవారి గుడి వేరు, రెడ్ల గుడి వేరు, పల్లె గుడి వేరు. ఒక్క సమాధి తెరుచుకుందని పాడతాం, పక్క పల్లె గుడి తలుపు తట్టం.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. చనిపోయినవాళ్లలో బైబిలు పేర్లున్నవాళ్లున్నారు. ఊరి నడుమ వాళ్లను పూడ్చిన చోటును రక్తక్షేత్రం అంటారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని బయల్దేరే మన పెద్ద సంఘాల్లో ఎన్ని ఆ దారిపట్టాయి? హంతకులు చంపినవాణ్ణి దేవుడు లేపాడన్నది అపొస్తలుల మొదటి ప్రసంగం. మనం మొదటి సగం మింగేసి రెండో సగానికి ఆమెన్ అంటున్నాం.

ఆడవాళ్ల సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. లేచిన ప్రభువు మొదటి వార్త ఇచ్చి పంపింది మగ్దలేనే మరియను. 2013లో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) తొలి మహిళా బిషప్ అయ్యారు. అయినా స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని రంకెలేసే వేదికలు వీధికొకటి ఉన్నాయి. తెల్లారకముందు చీపురు పట్టి రోడ్డెక్కే మున్సిపాలిటీ అక్కకు డ్యూటీ ఉండి ఈస్టర్ ఆరాధన దక్కదు. ఆమె లేని లోటు ఆ వేదికల మీద ఎవరికీ తెలియదు, కానుక కవరు రాకపోతే తప్ప.

శ్రమకాలం అయిపోయింది గనుక ఇప్పుడు పెళ్లి ప్రకటనలు మొదలవుతాయి. మూడు ఆదివారాలు వరుసగా వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమంటారు అయ్యగారు. కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమని 1961 నుంచీ చట్టం ఉంది. ఎన్ని లక్షలు, ఎంత బంగారం, కారు ఏ కంపెనీది అన్నది సంఘంలో అందరికీ తెలుసు. అయ్యగారికి అందరికంటే ముందే తెలుసు, ఒప్పందం రోజు ప్రార్థన చేసింది ఆయనే. వచ్చే ఆదివారం ఆ పేర్లు చదివాక, అయ్యగారూ, కాగితం మడిచి జేబులో పెట్టుకోకండి. వరుడి తండ్రిని లేచి నిలబడమని, ఎంత తీసుకున్నారో సంఘం ముందు చెప్పమనండి. చెప్పకపోతే పెళ్లి జరిపించనని అక్కడే చెప్పండి.