ఆఫ్రికా ముండ్లబంతి

మన పట్టణములలో నొక క్రొత్త వేడుక బయలుదేరినది. కుక్కయు, చిలుకయు, పావురమును పాతబడినవట! అరచేత నిముడునంతటి హెడ్జిహాగ్ అను ముండ్ల జంతువును పంజరమున నుంచి, పిల్లల కాటవస్తువుగా నిచ్చి, దాని ఛాయాచిత్రములను నలుగురికిని పంపుకొనుట నాగరకతకు గుర్తుగా నెంచబడుచున్నది. ఒకరి వేడుకను మఱియొకరు కాదనుట మర్యాద గాదు. అయినను ఈ వేడుకకు మూల్యమును నోరులేని ప్రాణి చెల్లించుచున్నది గావున మాకు దోచిన మాటలు చెప్పక తప్పదు.

పాఠకులు దీనిని మన యేదుపందిగా భావింపరాదు. ఏదుపంది యెలుకల వర్గమునకు జేరినది. దుంపలు, వేళ్లు తినును. హెడ్జిహాగ్ ముఖ్యముగా పురుగులను దిని బ్రదుకునది. బెదరినచో నొడలు ముడిచి ముండ్లబంతి యగును. 'పిగ్మీ' అను పేర నమ్మబడునది సెనెగల్ మొదలు సొమాలియా వఱకును, దక్షిణమున జాంబియా వఱకును గల పచ్చికబయళ్లది. అమెరికా వర్తకులు దీనిని ఆఫ్రికానుండి విరివిగా దిగుమతి చేసికొనుచుండిరి. పశువులకు గాలికుంటు వ్యాధి సోకునను భయముచే 1990 దశకారంభమున నా ప్రభుత్వమా దిగుమతిని నిలిపివేసెను. నాటినుండి యచట నమ్మబడునవి పంజరములలో బుట్టిన సంతతియే. ఈ సంతతిని నడక తూలి, క్రమముగా కాళ్లు పడిపోయి, తుదకు ప్రాణము దీయు నొక నరముల వ్యాధి పట్టి పీడించుచున్నది. ఉత్తర అమెరికాలో బెంచబడు వానిలో సుమారు పదింట నొకటి దీని పాలగుచున్నదని పశువైద్యులు చెప్పుదురు. దీనికి మందు లేదు.

ఇది రాత్రించరము, ఏకాంతప్రియము. పగలెల్ల నిద్రించి, చీకటి పడిన పిమ్మట మేతకై దూరము తిరుగాడును. ఇట్టిదానిని నట్టపగలు లేపి చేతులు మార్చుకొనుట మనకు వినోదము, దానికి భీతి. టోక్యో నగరమున 2016లో దీనికొఱకే యొక కాఫీ హోటలు వెలసినది. రుసుము చెల్లించినవారెల్ల నచట దీనిని నిమురవచ్చును! ఇరువదినాలుగు మొదలు ఇరువదితొమ్మిది సెంటిగ్రేడు డిగ్రీల వఱకును గల వెచ్చదనము దీనికి హితము. మన వేసవి యెండ దీనికి ప్రాణాపాయము. ఆ యెండకు జాలిపడి గదిలో యంత్రముచే పదునెనిమిది డిగ్రీల చల్లదనము గల్పించినచో నది మఱియొక యపాయము. మొద్దునిద్రలో బడి మరల లేవకపోవచ్చును. ఇక నాహారము. మన యిండ్లలో నే ప్రాణి వచ్చినను ముందుగా పాలగిన్నె చూపుట యాచారము. ఆవుపాలు దీనికి జీర్ణము గావు, విరేచనములు పట్టుకొనును. చీమకైన హాని తలపెట్టని గృహిణి ప్రతిదినమును బ్రదికిన పురుగులను లెక్కించి వడ్డింప సిద్ధపడునా? క్రొత్త వాసన సోకినపుడు నురుగు గ్రక్కి ముండ్లకు బూసికొనుట దీని స్వభావము. ఎఱుగనివారు దీనికి వెఱ్ఱి యెత్తినదని హడలిపోవుదురు.

పిల్లలు గలవారు మఱియొకటి తెలిసికొనవలెను. ఆరోగ్యముగా గనబడు హెడ్జిహాగ్ సైతము సాల్మొనెల్లా క్రిములను మోయుచుండవచ్చును. 2012, 2019, 2020 సంవత్సరములలో నమెరికాలో వీనివలన నీ వ్యాధి పలు రాష్ట్రములలో వ్యాపించినది. ముద్దు పెట్టుకొనవలదని, ముట్టుకొన్న పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెనని యచటి ప్రభుత్వ వైద్యశాఖ హెచ్చరించినది. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రములును, న్యూయార్కు నగరమును వీని పెంపకమునే నిషేధించినవి.

మన చట్టమేమి చేయుచున్నది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము స్వదేశ జంతువులకు మాత్రమే రక్షణ యొసగెను. 2022లో సవరింపబడి, 2023 ఏప్రిలు 1 నుండి యమలునకు వచ్చిన శాసనము అంతర్జాతీయ ఒడంబడిక పట్టికలో జేరిన విదేశ జంతువులను గూడ దన పరిధిలోనికి దెచ్చినది. వానిని పెంచువారు నమోదు చేయించుకొనవలెనని 2024లో నిబంధనలు వెలువడినవి. ఆఫ్రికా హెడ్జిహాగ్ ఆ పట్టికలో లేదు. కనుక నీ వలనుండి జారిపోయినది. 2019లో బాంకాక్ నుండి వచ్చిన ప్రయాణికుని సామానులో చిరుతపులి కూన చెన్నపట్టణపు విమానాశ్రయమున బట్టుబడినది. పులికూననే దాచి తేగలవారికి పిడికెడు ముండ్లబంతి యొక లెక్కయా?

అయినను 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణముల నిబంధనలు గలవు. ప్రతి దుకాణదారుడును రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు వీనిని కాగితముపై నుంచక, విదేశ జంతువు నమ్ము ప్రతి వర్తకుడును అది యెచట బుట్టినదో, యెవరివలన వచ్చినదో నిరూపింపవలెనని శాసింపవలెను. నిరూపింపజాలని దుకాణమును మూయింపవలెను.

ఇప్పటికే కొనినవారు విసుగు పుట్టినచో దీనిని తోటలో విడిచిపెట్టరాదు. 1851లో హార్స్‌ఫీల్డు పండితుడు వర్ణించిన మద్రాసు హెడ్జిహాగ్ మన దక్షిణదేశపు మెట్టభూములయందే యున్నది. తమిళులు దానిని 'ముళ్ళెలి' యందురు. నాటుమందులకై చంపబడియు, రాత్రివేళ బాటలపై బండ్లక్రింద నలిగియు నది నశించుచున్నది. పరదేశపు పంజరములనుండి వచ్చిన రోగములు దానికి సోకకుండవలె నన్నచో, వలదనుకొన్న జంతువును పశువైద్యునికిగాని, జంతుసంరక్షణ శాలకుగాని యప్పగింపుడు.