అందరూ తిన్నాక మీ కంచంలో ఏం మిగిలింది?

అమ్రాబాద్ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. "అక్కా, మా బాబు తొమ్మిదో తరగతి. చదివింది గుర్తుండటం లేదంటాడు. మెదడు చురుగ్గా పనిచేయాలంటే ఏ డబ్బా పొడి మంచిది? మా ఆయన అచ్చంపేట పోయినప్పుడు తెమ్మంటాను. ఖరీదైనా ఫర్వాలేదు" అని. ఉత్తరం అయిపోయాక కింద కాస్త చోటు చూసుకుని ఇంకో మాట చేర్చింది. "ఈ మధ్య నాకూ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. పనెక్కువై కాబోలు, దానికేం లెండి."

ఆ 'దానికేం లెండి' దగ్గరే నా మనసు ఆగిపోయింది. బాబు సంగతి తప్పకుండా చెప్తాను. కానీ అమ్మ సంగతి వదిలేసి బాబు సంగతి చెప్పడం కుదరదు.

మన ఒంటి బరువులో మెదడు వంతు నూటికి రెండు పాళ్లే. కానీ మనం తిన్న తిండిలోంచి వచ్చే శక్తిలో దాదాపు ఐదో వంతు అదొక్కటే వాడుకుంటుంది. పొద్దున్నే టీ తాగి బడికి పరుగెత్తే పిల్లాడికి రెండో పీరియడ్‌కే తల వాలిపోతుందంటే ఆశ్చర్యమేముంది? మెదడుకు శక్తితోపాటు ప్రాణవాయువు అందాలి. దాన్ని మోసుకెళ్లేది రక్తం. ఆ రక్తానికి ఇనుము కావాలి. మాంసకృత్తులు, అయోడిన్, బి12 విటమిన్, మంచి కొవ్వు కూడా ఉండాలి. ఇవన్నీ ఒకే డబ్బాలో దొరుకుతాయని ప్రకటనలు చెప్తాయి. మీరొకసారి డబ్బా తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో చక్కెర ఎంతుందో చదవండి. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింకు'ల వరుసలో పెట్టవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖే చెప్పాల్సి వచ్చింది.

మరి బలం ఎక్కడుంది? చెల్లీ, మీ చుట్టూనే ఉంది. అమ్రాబాద్ నల్లమల అడవి నడుమ ఉన్న పీఠభూమి. 1940 ప్రాంతంలో హైమన్‌డార్ఫ్ అనే పండితుడు అక్కడి చెంచుల మధ్య ఉండి, వాళ్ల జీవితం గురించి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అడవిలో తవ్వుకున్న గడ్డలు, ఏరుకున్న పండ్లు, ఆకులు, తేనె... ఒక్క గింజ మీదే ఆధారపడని తిండి వాళ్లది. ఊళ్లలో ఉన్నవాళ్లకు జొన్న రొట్టె, సజ్జ రొట్టె, తైదంబలి, గటక ఉండేవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద సన్నబియ్యం కూడా ఇస్తున్నారు. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టను. తప్పల్లా మూడు పూటలా అదొక్కటే తినడంలో ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. వంద గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఆవుపాలలో ఉండే దానికి ఇది మూడింతలు. వంద గ్రాముల సజ్జల్లో ఇనుము 6 మిల్లీగ్రాములకు పైనే. పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. మనలాంటి ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అదే సంస్థ 2020లో లెక్క చెప్పింది. చారన్నంతో ఆ లెక్క ఎన్నటికీ తెగదు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని ఆ చివరి మాటకొద్దాం. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి ఉంది. ఆయాసం, కళ్లు తిరగడం, విసుగు, మతిమరుపు... ఇవన్నీ 'పనెక్కువై' వచ్చినవే కానక్కర్లేదు. రక్తం తక్కువై కూడా వస్తాయి. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. గర్భిణికైతే 11 కన్నా తక్కువుంటే. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూపించుకోండి. బాగా తగ్గిపోతే తిండి ఒక్కటే చాలదు, డాక్టరు చెప్పిన మాత్రలు మింగాల్సిందే. బాబుకూ పరీక్ష చేయించండి. కడుపులో నులిపురుగులుంటే ఎంత పెట్టినా ఒంటబట్టదు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే మాత్ర మింగాడో లేదో కనుక్కోండి.

ఇంట్లో పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంటే ఇది మరీ ముఖ్యం. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుకట్టేది కడుపులో పడ్డ మొదటి నాలుగు వారాల్లోనే. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు! ఆ రోజుల్లో కావలసింది ఫోలిక్ ఆమ్లం. 1941లో దాన్ని మొదట వేరుచేసింది పాలకూర నుంచే. లాటిన్‌లో 'ఆకు' అనే మాట మీదుగానే ఆ పేరు పెట్టారు. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తన అన్నదమ్ములను స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్న మనిషి ఆయన. మనం 'ఆకుకూరేగా' అని పక్కకు నెట్టే దానిలో అంత విలువుంది. పిల్లను కనాలనుకున్నప్పటి నుంచే ఆకుకూరలతో పాటు, డాక్టరునడిగి ఫోలిక్ మాత్రలు కూడా మొదలుపెట్టాలి.

ఏం చేయాలంటారా? పెద్ద ఖర్చేం లేదు. రోజుకో పూట జొన్న, సజ్జ, తైదల్లో ఏదో ఒకటి. రోజూ పప్పు, ఒక ఆకుకూర. పుంటికూర, తోటకూర, మునగాకు ఏదైనా సరే. తినేవాళ్లయితే రోజుకో గుడ్డు, వారానికోసారి చేపలు. శాకాహారులు పాలు, పెరుగు మానకండి, బి12 అందేది వాటిలోంచే. ఉప్పు అయోడిన్ కలిసిందే కొనండి. పిల్లవాడి జేబులో బిస్కెట్ ప్యాకెట్ బదులు గుప్పెడు వేయించిన పల్లీలు, చిన్న బెల్లం ముక్క పెట్టండి. భోజనం కాగానే టీ మాత్రం వద్దు. తిండిలోని ఇనుమును అది ఒంటికి పట్టనివ్వదు, గంటైనా ఆగండి. దానికి బదులు నిమ్మకాయో, ఉసిరికాయో, జామకాయో తింటే ఇనుము బాగా పడుతుంది.

ఈ వారం ఇది చేసి చూడండి.

మునగాకు పెసరపప్పు: ఒక కప్పు పెసరపప్పును దోరగా వేయించి, కడిగి, పసుపు వేసి మెత్తగా ఉడికించండి. మూకుడులో రెండు చెంచాల నూనె వేడిచేసి ఆవాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టండి. ఒక ఉల్లిపాయ ముక్కలు వేసి వేగనిచ్చి, దూసి కడిగిన లేత మునగాకు రెండు గుప్పిళ్లు వేయండి. ఐదు నిమిషాలు మగ్గాక పప్పు, ఉప్పు కలిపి ఒక ఉడుకు రానివ్వండి. దించి, కాస్త చల్లారాక నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్ సి చాలావరకు పోతుంది. సజ్జ రొట్టెతో బాగుంటుంది.

చివరగా ఒక్క మాట. పప్పు వండాక గిన్నె ముందే పిల్లల వైపు, ఆయన వైపు జరిపేయకండి. మీ కంచంలోకి రెండు గరిటెలు ముందే తీసిపెట్టుకోండి. గుడ్లు నాలుగే ఉంటే నాలుగోది మీది. అమ్మ కళ్లు తిరిగి పడిపోతే ఆ ఇంట్లో ఎవరి చదువు సాగుతుంది? ఈసారి ఉత్తరం రాసినప్పుడు, చెల్లీ, బాబు మార్కులతోపాటు మీ హిమోగ్లోబిన్ ఎంతో కూడా రాయండి. 'దానికేం లెండి' అని మాత్రం రాయకండి.